మోచేతి మీద వేలు

ఆ వేసవంతా నేను మా నాన్న మోచేతి మీద వేలు పెట్టుకుని బతికాను. చూసినవాళ్ళు ఈ వయసులో కూడా నాన్నకూచే అని నవ్వుకునేవాళ్ళు. ముప్పయ్యేళ్ళది, పట్టపగలు, వందలమంది మధ్య తండ్రి మోచెయ్యి వదలకుండా నిలబడితే నవ్వరా మరి? నవ్వుకోనీలే అని ఊరుకునేదాన్ని. అసలు సంగతి తెలిస్తే ఒక్కరూ నవ్వేవాళ్ళు కాదు. మా నాన్నకు చెవులు పోతున్నాయి.

పూర్తిగా కాదు. మాట వినిపిస్తుంది, డ్రమ్ము వినిపిస్తుంది, బేస్ గిటారైతే అరికాళ్ళలోంచి కూడా వినిపిస్తుంది. పోయింది పై స్థాయిలో ఉండే సన్నని శబ్దం. ముప్పయ్యయిదేళ్ళుగా రాక్ బ్యాండ్లకు సౌండ్ చూస్తున్న మనిషికి అది పోయిందంటే వంటవాడికి నాలుక పోయినట్టే. మైకులోకి వెళ్ళిన పాట స్పీకర్లోంచి బయటికొచ్చి, తిన్నగా ఉండక మళ్ళీ అదే మైకులోకి దూరిందనుకోండి, కూత పుడుతుంది. వినే ఉంటారు. కుయ్‌మని లేచి బుర్రలోకి మేకులా దిగుతుంది. అది పుట్టాక అందరికీ వినిపిస్తుంది. పుట్టబోయే ముందు, ఇంకా వెంట్రుకంత ఉన్నప్పుడు పసిగట్టి పీక నొక్కేవాడే సౌండ్ మనిషి. మా ఊళ్ళో అలాంటివాళ్ళలో మొదటి పేరు మా నాన్నదే.

నాకు తెలిసింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. ఇంటి వెనక షెడ్డులో, సౌండు పెంచే తగ్గించే బొత్తాలుండే బోర్డు దుమ్ము దులిపి, స్పీకర్లు కలిపి, సీజనుకు ముందు పరీక్ష చేస్తున్నాం. కూత లేచింది. నేను రెండు చెవులూ మూసుకుని కింద కూలబడ్డాను. నాన్న టీ తాగుతూ, తల ఊపుతూ, ఈసారి సౌండు అద్దంలా ఉంది కదే అన్నాడు. నేను పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. ఆయన నా మొహం చూశాడు, గ్లాసు కింద పెట్టాడు, వెళ్ళి షెడ్డు తలుపు గడియ వేశాడు.

రెండేళ్ళ నుంచీ అట. అమ్మకు తెలుసట. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంటే బీప్ బీప్‌మని గోల పెడుతుంది చూడండి, దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటుంటే అమ్మకు అనుమానం వచ్చిందట. ఇద్దరూ గుట్టుగా ఉంచుకున్నారు. చెవుల్లేని సౌండ్ మనిషిని ఎవరు పిలుస్తారు?

అప్పుడు నాన్న నాతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన వెంట వెళ్ళి కేబుళ్ళు లాగడం, మైకులు పెట్టడం నా పని. ఇకనుంచి ఆయన ఎడమ పక్కన నిలబడాలి. మోచేతి మీద ఒక వేలు పెడితే పైన పదునుగా ఉంది, తగ్గించమని. రెండు వేళ్ళు పెడితే కూత రాబోతోంది, వెంటనే కోసెయ్యమని. నేను జనంలోకి వెళ్ళి దూరం నుంచి వినాల్సి వస్తే అక్కడినుంచే సైగ: చెవి ముట్టుకుంటే తగ్గించు, చేతులు కట్టుకుని నిలబడితే అంతా బాగుంది, నీ పని నువ్వు చేసుకో.

"ఈ వేసవి గట్టెక్కించు," అన్నాడు. "ఆఖర్న పెద్ద ఫెస్టివల్ ఉంది కదా, ఆ రోజు అందరిముందూ నేనే చెప్తాను, ఇకమీద బోర్డు మా అమ్మాయిదని. అప్పటిదాకా మూడోకంటికి తెలియకూడదు."

బోర్డు మా అమ్మాయిదని! ఆ మాట కోసం నేను పన్నెండేళ్ళుగా కేబుళ్ళు మోస్తున్నాను. మా ఊళ్ళో బోర్డు ముందు కూర్చున్న ఆడమనిషిని నేను చూడలేదు. మైకు సర్దడానికి వెళితే బ్యాండువాళ్ళు, అమ్మా, సౌండ్ ఆయన్ని పిలువు అనేవాళ్ళు. ఒకసారి ఒక గిటారిస్టు నాకు తన కూల్‌డ్రింక్ ఖాళీ డబ్బా చేతికిచ్చి పారెయ్యమన్నాడు. అందుకని సరేనన్నాను. సరే ఏమిటి, ఎగిరి గంతేశాను.

ఆ వేసవిలో ఇంకో మాట కూడా వచ్చింది. పాత నాటకాల హాలు మేనేజరు ఫోన్ చేశాడు. వాళ్ళకు సౌండ్ చూసే మనిషి కావాలి, పక్కా ఉద్యోగం, సొంత గది, తలుపు మీద పేరు. ఏదో షోలో నా పని గమనించాడట. నాన్నగారు పక్కన ఉన్నా చెవులు మీవే అని నాకు అర్థమైందండీ అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఆలోచించుకుని చెప్తానన్నాను. ఫెస్టివల్ రోజు పొద్దున పదింటిలోపు ఏదో ఒకటి చెప్పాలి, ఆ తర్వాత ఇంకొకళ్ళని చూసుకుంటాం అని గడువు పెట్టాడు.

నాన్నకు చెప్పాను. ఆయన రాత్రి భోజనాల దగ్గర, నాటకాల హాల్లో ఏముందే, దగ్గుకునే ముసలాళ్ళు తప్ప అన్నాడు. అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. వద్దనమని ఆయన అనలేదు. అననక్కర్లేదు కదా.

ఇంతలో అన్నయ్య వచ్చాడు. నాలుగేళ్ళు ఫోన్ల దుకాణం నడిపి, మూసేసి, వదిననీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మా మేడమీద గదుల్లో దిగాడు. మంచివాడే. నోరు తీపి, చెయ్యి బద్ధకం. చిన్నప్పటినుంచీ మా పనిని గోలపెట్టెల వ్యాపారం అని వెక్కిరించేవాడు. ఆ నెలంతా మెట్ల మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేవాడు. చూస్తే జాలేసేది, నిజం చెప్పొద్దూ.

ఖాళీగా ఉంటే వాడికి పిచ్చెక్కుతుందే అన్నాడు నాన్న ఒక మధ్యాహ్నం. నీకు జ్వరమో గిరమో వస్తే ఎవరో ఒకరు ఉండాలి కదా, కాస్త చెవి తయారు చెయ్యి వాడికి, అన్నాడు.

చేశాను. నా చేతులతో నేనే చేశాను. రోజూ మధ్యాహ్నం షెడ్డులో చిన్న స్పీకరు పెట్టి, ఒక్కో స్థాయి కూతా పుట్టించి, ఇదేమిటో చెప్పు అనేదాన్ని. మొదటివారం అన్నీ ఒకలాగే ఉన్నాయి అన్నాడు. రెండోవారానికి సగం పట్టుకున్నాడు. వాడికి ఎంతకీ కొరుకుడు పడనిది ఒక్కటే: డ్రమ్ముల మీద ఇత్తడి పళ్ళేలుంటాయి చూశారూ, వాటి మోతలో దాక్కున్న కూత. రెండూ పైనే ఉంటాయి. రెండూ చెవిలో మెరుస్తాయి.

"పళ్ళెం మోత పుట్టగానే చావడం మొదలుపెడుతుందిరా అన్నయ్యా," అని చెప్పాను. "కూత చావదు, పెరుగుతుంది. అనుమానం వస్తే ఒక్క క్షణం ఆగు. తగ్గిందా, పళ్ళెం. పెరిగిందా, కూత."

వాడు దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పదో తరగతిలో కూడా అంత శ్రద్ధగా రాసుకోలేదు. నాకు ముచ్చటేసింది. నాన్న మోచెయ్యి ఎందుకు పట్టుకుంటావే ఎప్పుడూ అని అడిగాడొకసారి. పట్టుకోకపోతే పారిపోతాడని అన్నాను. ఆ ఒక్క రహస్యమూ నాదీ నాన్నదీ అనుకున్నాను.

ఫెస్టివల్ రోజు తెల్లవారగానే మైదానానికి చేరాం. ఊరి చివర గడ్డినేల, ఒక కొసన స్టేజీ, ఎదురుగా యాభై అడుగుల దూరంలో మా గుడారం, అందులో బోర్డు. వెనక ఆ చివర చెక్క కంచె. ఎనిమిది బ్యాండ్లు. పొద్దున పదకొండుకు మొదలైతే సాయంత్రం వెలుగుండగానే ముగించాలని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళతో ఒప్పందం. మైకులన్నీ పెట్టి, కేబుళ్ళు లాగి, ఒక్కో స్పీకర్ దగ్గరికీ వెళ్ళి వినొచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది.

గుడారంలో పెట్టె మీద కూర్చుని హాలు మేనేజరుకు ఫోన్ చేశాను. నాన్న పక్కనే ఉన్నాడు. ఒంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. నేను మాట్లాడిన ప్రతి మాటా ఆయనకు వినిపించింది. క్షమించండి, రాలేను, నాన్నగారి పని నేనే చూసుకోవాల్సి వస్తోంది అన్నాను. మేనేజరు పాపం మరోసారి అడిగాడు. ఖాయమేనా అన్నాడు. ఖాయమేనండీ అని పెట్టేశాను.

"చెప్పేశావా?" అన్నాడు నాన్న, బూట్ల మీంచి కళ్ళెత్తకుండా.

"చెప్పేశాను."

"ఊఁ," అన్నాడు. రెండో బూటు తాడు కట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఇక బ్యాండ్లు. నాకు ఈ పనిలో ఇష్టమైంది ఇదే, ఎంత అలసటగా ఉన్నా మొదటి దెబ్బ పడగానే ఒళ్ళు ఝల్లుమంటుంది. మొదట కాలేజీ పిల్లలు నలుగురు. శ్రుతి చేసుకోవడానికి పదిహేను నిమిషాలు, వాయించడానికి పన్నెండు. అయినా ఆ పన్నెండూ ప్రాణం పెట్టి వాయించారు, ముందున్న నలభైమందీ వాళ్ళ చుట్టాలే కాబట్టి చప్పట్లకు లోటు లేదు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ ఎండలో నల్లకోట్లు వేసుకుని మూడు పాటలు గొంతు చించుకుని అరిచి, నాలుగోదానికి కోట్లు విప్పేశారు. లోపల అందరికీ ఒకేరకం బనీన్లు. జనం పడీపడీ నవ్వారు. వాళ్ళూ నవ్వి, ఆ తర్వాతే అసలైన పాట పాడారు. మూడో బ్యాండులో భార్యాభర్తలు, ఆయన గిటారు, ఆవిడ డ్రమ్ములు. పాట మధ్యలో ఆయన తాళం తప్పితే ఆవిడ చూసిన చూపుకు ఆయన వారంపాటు అన్నం తినడు.

మధ్యాహ్నానికి మైదానం నిండింది. నా వేలు నాన్న మోచేతి మీద ఉంది. ఒక వేలు, తీయడం. ఒక వేలు, తీయడం. ఆయన చెయ్యి చూడాలి మీరు, నేను ముట్టుకోవడమే తడవు సరిగ్గా ఆ బొత్తాం మీదికే వెళ్ళేది, వెంట్రుకవాసి ఎక్కువా కాదు, తక్కువా కాదు. వినిపించకపోయినా ఆ చెయ్యి మరిచిపోలేదు. చెవి నాది, చెయ్యి ఆయనది, ఇద్దరం కలిసి ఒక్క మనిషి.

అయిదో బ్యాండులో ఒకావిడ చెప్పులు విడిచి, మైకు పట్టుకుని గుసగుసలాడినట్టు పాడింది. అంత సన్నగా పాడితే మైకు బాగా పెంచాలి. పెంచితే కూతకు తలుపు తీసినట్టే. రెండో చరణంలో నాకు వినిపించింది, ఎక్కడో దూరంగా దోమ లాగా. రెండు వేళ్ళు పెట్టాను. నాన్న కోసేశాడు. మైదానంలో ఒక్కరికి కూడా తెలియలేదు. పాట అయ్యాక ఆవిడ గుడారం వైపు చూసి, అక్కడున్న పెద్దాయనకు దండాలు, నా ఊపిరి కూడా వినిపించేలా చేశారు అంది. జనమంతా వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. నాన్న ఒక చెయ్యెత్తి ఊపాడు. బల్లకింద రెండో చెయ్యి నా చేతిమీద వేసి నొక్కాడు. నేను నిజంగా పొంగిపోయాను. ఇంక మూడే బ్యాండ్లు, ఆ తర్వాత నా పేరు చెప్తాడు అనుకున్నాను. గుడ్డిగా నమ్మితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే నన్నడగండి.

ఏడో బ్యాండు దిగాక అరగంట ఖాళీ. ఆఖరిది పెద్ద బ్యాండు, దానికోసమే సగం జనం వచ్చారు. గాలి మారింది, వెనక కంచె దగ్గర ఎలా వినిపిస్తోందో నువ్వెళ్ళి నిలబడాలి అన్నాడు నాన్న. ఆ బ్యాండంతా అక్కడే ఉండు, అక్కడినుంచే సైగ చెయ్యి అన్నాడు. గాలి మారిన మాట నిజమే. వెళ్ళాను. సగం దూరం పోయాక ఎండ మొహాన కొడుతుంటే టోపీ మరిచిపోయానని వెనక్కి తిరిగాను.

గుడారం పక్క గుడ్డ అవతల ముగ్గురు నిలబడ్డట్టు నీడలు. లోపలినుంచి నిర్వాహకుడి గొంతు. ఆయన్ని మేం గడ్డమాయన అనేవాళ్ళం. ఏడాదిపాటు ఆయన పెట్టే కచేరీలన్నిటికీ సౌండ్ ఎవరు చూడాలన్నది ఆ సాయంత్రమే తేలుతుందని నాన్న నాకు చెప్పే ఉన్నాడు.

"నాకు వయసైపోయిందండీ," అంటున్నాడు నాన్న. "ఇకమీద మావాడే చూసుకుంటాడు. నా చెవి వాడికే వచ్చింది. ఇప్పుడు పక్కనే ఉంటాడు, చూడండి."

"మరి అమ్మాయో? పొద్దుట్నుంచీ మీ పక్కనే ఉంది కదా."

"అమ్మాయిదేముందండీ, సాయానికొస్తుంది. ఎండలో మంచినీళ్ళూ అవీ అందించడానికి."

గుడ్డ సందులోంచి చూశాను. అన్నయ్య కొత్త నల్లచొక్కా వేసుకుని, నీటుగా తల దువ్వుకుని, నాన్న ఎడమ పక్కన నా చోట్లో నిలబడి ఉన్నాడు. గడ్డమాయన అటు తిరగగానే వాడు మెల్లిగా నాన్న మోచేతి మీద వేలు పెట్టి చూసుకున్నాడు. నాన్న ఆ వేలు పట్టుకుని, ఇంకాస్త కిందికి జరిపి, సరైన చోట పెట్టాడు.

టోపీ తీసుకోలేదు. కంచె దగ్గరికి ఎలా నడిచానో తెలియదు. దారిలో ఎవరి కాలో తొక్కాను, ఆయన ఏదో అన్నాడు. నమ్మించి గొంతు కోయడం అంటారే, అది అప్పటిదాకా నాకు సామెతే. కోసింది పరాయివాడైతే తిట్టేదాన్ని, కొట్టేదాన్ని. పొద్దున నేను ఫోన్లో ఖాయమేనండీ అంటుంటే పక్కన కూర్చుని తాళ్ళు కట్టుకున్నాడు చూశారూ, అది నాకు మింగుడు పడలేదు. ఒక్కమాట, ఆగవే అని ఒక్కమాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. జ్వరమో గిరమో అట! నా స్థానంలోకి రాబోయేవాడికి నాచేతే పాఠాలు చెప్పించాడు.

పెద్ద బ్యాండు ఎక్కింది. నాలుగైదు వేలమంది ఒక్కసారి అరిచారు. నేను కంచెకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండు పాటలు బాగానే వెళ్ళాయి. అంటే అన్నయ్య బాగానే పట్టుకున్నాడన్నమాట. ఆమాత్రం నేర్పాను మరి.

మూడో పాటలో డ్రమ్మరు పళ్ళేలు పట్టుకున్నాడు. ఒకటి చావకముందే ఇంకొకటి, అది చావకముందే ఇంకొకటి, ఆపకుండా, వాన కురిసినట్టు. దాని కింద కూత పుట్టింది. నాకు అంత దూరంలో కూడా వినిపించింది. అన్నయ్య తల పక్కకు వంచడం చూశాను. వాడికి అనుమానం వచ్చింది. అనుమానం వస్తే ఒక్క క్షణం ఆగమన్నాను కదా, ఆగాడు. తగ్గితే పళ్ళెం, పెరిగితే కూత. మోత తగ్గడం లేదు, పెరుగుతోంది, కానీ డ్రమ్మరూ పెంచుతూనే ఉన్నాడు. ఇంకో క్షణం ఆగాడు. ఇలాంటి డ్రమ్మరు దొరికితే ఏం చెయ్యాలో నేను వాడికి చెప్పలేదు. చెప్పే రోజు ఇంకా రాలేదు.

గుడారం ముందు నిలబడ్డ ఒకతను చెవి మూసుకున్నాడు. ఆ వెనక ఇద్దరు. నాన్నకు వినిపించదు, కానీ కళ్ళున్నాయి. ఆయన అన్నయ్య వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, జనం మీదుగా తిన్నగా కంచె వైపు చూశాడు. నాకోసం వెతికాడు. దొరికాను.

నా చేతులు కట్టుకునే ఉన్నాయి. విప్పి చెవి ముట్టుకోవడానికి ఎంతసేపు? రెప్పపాటు. ఆయన చూస్తున్నాడు, నేను చూస్తున్నాను. నేను మొహంలో ఒక్క గీత కూడా కదలనివ్వలేదు. చేతులు ఇంకా బిగించి కట్టుకున్నాను.

నాన్న మళ్ళీ బోర్డు వైపు తిరిగాడు. నన్ను నమ్మాడు. అంతా బాగుందనుకుని, పాట పతాకస్థాయికి వస్తోందని, మైకు ఇంకాస్త పైకి నెట్టాడు.

అలాంటి కూత నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. వేలమంది ఒకేసారి తలలు పట్టుకుని వంగిపోయారు. పాడేవాడు మైకు కిందపడేశాడు, అది ఇంకా ఘోరం. ఏ మైకు కూస్తోందో తెలియక నాన్న బొత్తాలు తడుముకున్నాడు. ఆ బ్యాండుతో వచ్చిన, సౌండు తెలిసిన మనిషి ఒకతను స్టేజీ మీంచి దూకి, జనాన్ని తోసుకుంటూ గుడారంలోకి వచ్చి, అన్నయ్యను పక్కకు నెట్టి మొత్తం కిందికి లాగేశాడు. మైదానం ఒక్కసారి మూగబోయింది. పది సెకన్లు ఉంటుందేమో మొత్తం. నాకు చాలా సంతోషం కలిగింది. దాచడమెందుకు, కలిగింది. గుడారం దాకా నడిచి వెళ్ళేలోపు అది కాస్తా సిగ్గుగా మారింది.

నేను వెళ్ళేసరికి గడ్డమాయన నాన్న వెనక నిలబడి ఉన్నాడు. చేతిలో ఏదో చిన్న పీక, మైదానంలో పనివాళ్ళను పిలవడానికి వాడేది. నాన్న చెవి దగ్గర పెట్టి సన్నగా ఊదాడు. అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. నాన్న ఉలిక్కిపడలేదు. బోర్డు మీద బొత్తాలు ఒక్కొక్కటే సున్నాకు తెస్తూనే ఉన్నాడు. గడ్డమాయన పీక జేబులో వేసుకున్నాడు. ఆ వయసు మనిషిని ఏమంటాడు? మిగిలిన షో బ్యాండు మనిషే చూసుకున్నాడు.

నువ్వు ఆగమన్నావు కదే, ఆగాను, అన్నాడు అన్నయ్య నాతో. కళ్ళల్లో నీళ్ళున్నాయి. వాడి మీద కోపం రాలేదు. మెట్ల మీద కూర్చున్నవాణ్ణి లేపి ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడ్డాడు, అంతే.

తర్వాత జరిగినవి మామూలు సంగతులు. వారం తిరక్కుండా నాన్న చెవుల సంగతి ఊరంతా తెలిసిపోయింది. బోర్డు అమ్మేశాం. అన్నయ్య ఏదో బట్టల కొట్లో కుదిరాడు. హాలు మేనేజరుకు మళ్ళీ ఫోన్ చేస్తే, ఎవరో చేరిపోయారమ్మా, ఆ రోజే, మధ్యాహ్నానికల్లా అన్నాడు. అమ్మ ఎవరి పక్షమూ చేరక రెండు నెలలు ఇద్దరితోనూ సరిగా మాట్లాడలేదు. ఇవన్నీ కాలక్రమేణా మానాయి. మాననిది ఒకటుంది.

ఆ రోజే, జనం వెళ్ళిపోయాక, పొద్దు వాలుతుండగా, నేనూ నాన్నా గడ్డిలో కేబుళ్ళు చుడుతున్నాం. అన్నయ్య పెట్టెలు వ్యానులోకి మోస్తున్నాడు. నేను మనసులో ఒక మహాభారతమే సిద్ధం చేసుకున్నాను, మంచినీళ్ళ దగ్గర మొదలుపెట్టి.

"నిన్ను చూశాను," అన్నాడు నాన్న. "చేతులు కట్టుకునే ఉన్నావు."

"ఉన్నాను."

"నీకు వినిపించలేదా?"

చుట్టడం ఆపేసి నా మొహంలోకి చూస్తున్నాడు. లేదని చెబితే తప్పించుకోవచ్చు. దూరం, గాలి, పళ్ళేలు, ఎన్ని సాకులు కావాలంటే అన్ని. నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆయనకు తెలియాలి అనిపించింది.

"వినిపించింది నాన్నా. పుట్టినప్పుడే వినిపించింది."

తిడతాడనుకున్నాను. ఆయన చేతిలో కేబులు కింద పడేసి, గుండెలమీద చెయ్యేసుకుని, అమ్మయ్య అన్నాడు. నిజంగా, ప్రాణం లేచి వచ్చినవాడిలా అన్నాడు.

"మా నాన్నకీ ఇలాగే పోయాయి, నాకూ పోయాయి. నీకూ మొదలైందేమోనని ఇందాకట్నుంచీ హడలి చస్తున్నాను."

నా మహాభారతం గొంతులోనే ఉండిపోయింది. నా చెవుల కోసం ఇంత విలవిల్లాడిన మనిషే, ఆ చెవులకు బోర్డు ముందు ఒక కుర్చీ మాత్రం ఇవ్వలేకపోయాడు. దీన్ని నేను ఎక్కడ పెట్టుకోవాలి? కోపంలో పెట్టుకోవాలా, ప్రేమలో పెట్టుకోవాలా?

"నీకు చెవులున్నాయే," అన్నాడు, నేను అడక్కుండానే. "ఎక్కడికెళ్ళినా బతుకుతావు. వాడికి ఇద్దరు పిల్లలు, చేతిలో ఏ పనీ లేదు. ఇదొక్కటే ఉంది నా దగ్గర ఇవ్వడానికి."

"ఆ మాట పొద్దున, నేను ఫోన్ చేసేముందు చెప్పి ఉంటే సరిపోయేది కదా."

నాన్న కేబులు తీసుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు చుట్టాడు.

"చెబితే ఇవాళ నువ్వు వచ్చేదానివా?" అన్నాడు.

మొత్తం అదీ సంగతి. ఏడు బ్యాండ్లు గడవాలి. దానికి నా వేలు కావాలి. అందుకని నా ఉద్యోగం పోతుంటే ఆయన తాళ్ళు కట్టుకున్నాడు.

"వచ్చేదాన్ని నాన్నా," అన్నాను.

అది ఆయనకు బాగానే వినిపించింది. పక్కనున్న స్పీకరు పెట్టె మీద అలాగే కూర్చుండిపోయాడు. మిగిలిన కేబుళ్ళన్నీ నేనొక్కదాన్నే చుట్టాను.